దేశం లెక్కలో నా ఏడు క్వింటాళ్లు

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. పనుల్లో ఉన్నోళ్లు పక్కన పెట్టి, రాత్రి అన్నం తిన్నాక చదవండి.

నవంబరు 26న ఢిల్లీ నుంచి మళ్లీ లెక్క వచ్చింది. 2025-26 వానాకాలం పంటల మొదటి ముందస్తు అంచనా. మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. దేశమంతా కలిపి ఆహార ధాన్యాలు 1,733.30 లక్షల టన్నులంట. బియ్యం ఒక్కటే 1,245.04 లక్షల టన్నులు. ఆ రెండూ మనవి కావు, గోదావరోళ్లూ పంజాబోళ్లూ చూసుకుంటారు. నేను వెతికింది కింద నూనెగింజల వరస. శెనక్కాయ 110.93 లక్షల టన్నులు. పోయిన ఏడాది కంటే ఎక్కువ.

ఆ సంఖ్య చూసినప్పటి నుంచి నాకు పోయిన ఏడాది నవంబరు గుర్తుకొస్తా ఉంది. ఆ కథ చెప్పాలనే కూర్చున్నాను.

2024లో ముంగారికి నాలుగెకరాలు శెనక్కాయ వేసినాను. ఒక ఎకరా కొర్రలో కంది సాళ్లు. ఇంకో ఎకరా బీడు. జూన్‌లో పదును బాగా తగిలింది, గొర్రు కట్టినాం, మొలక కూడా కన్నుల పండగగా వచ్చింది. తర్వాత ఏమైందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పూత పడి ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఊడ నేలలోకి దిగాలంటే పైమట్టి మెత్తగా ఉండాల. మన ఎర్రనేల ఎండితే ఇటుక. ఊడలు మట్టిని తాకి, మొన నల్లబడి, అట్లే నిలిచిపోయినాయి. ఆ ఏడాది రాష్ట్రంలో 54 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించినారు. మన అనంతపురం జిల్లావి 7, శ్రీ సత్యసాయి జిల్లావి 10.

సరే, ఉన్నంత పీకి వామి వేసినాం. అక్టోబరులో ఆ వామి మీద వాన. జూలైలో అడిగితే రాని వాన, కల్లంలో అడక్కుండా వచ్చింది. ఆ నెలలోనే పండమేరు పొంగి అనంతపురం పక్కన కాలనీలు మునిగినాయి. మా ఇంటామె, నేను టార్పాలిన్ పట్టలు పట్టుకొని రాత్రంతా వామి చుట్టూ తిరిగినాం. కట్టె సగం నల్లబడింది, పశువులు మూతి పెట్టలేదు. కాయ మాత్రం మొత్తం చేసి, ఎండబెట్టి, తూర్పార పడితే ఏడు క్వింటాళ్లు. నాలుగెకరాలకు ఏడు.

సరిగ్గా ఆ కాయ కల్లంలో ఎండుతా ఉండగా, నవంబరు 5న, 2024-25 మొదటి అంచనా వచ్చింది. వానాకాలం శెనక్కాయ 103.60 లక్షల టన్నులు. నాకప్పుడు ఆ సంగతే తెలీదు. నాకు చెప్పింది వ్యాపారి.

ఆయన చెడ్డోడేం కాదు. మా నాయన కాలం నుంచీ వాళ్లింటికే కాయ వేస్తాం. దోసిట్లో కాయ పట్టుకొని, రెండు చిట్లించి, గింజ చూసి, "తాలు ఎక్కువ ఉంది కదన్నా, ఔటు రాదు" అన్నాడు. అది నిజమే. తర్వాత ఫోన్ తీసి నాకు చూపించినాడు. "గుజరాత్‌లో ఇరగ పండిందంట. గవర్నమెంటోళ్లే చెప్తాండారు. ఇంకా దిగుతాది గానీ ఎక్కదు. ఐదువేల మూడొందలు. ఇష్టముంటే కాటా పెడదాం."

ఆ ఏడాది మద్దతు ధర 6,783 రూపాయలు.

మా నాయన కాలంలో ఒక మాట ఉండేది. కరువు వస్తే కాయ తక్కువ, ధర ఎక్కువ. పండితే కాయ ఎక్కువ, ధర తక్కువ. రెంటికీ రెండూ సరి, రైతు ఎట్లో బతుకుతాడు అని. నేనూ అదే నమ్ముకొని ఉన్నాను. ఏడు క్వింటాళ్లే అయినా ధరన్నా వస్తుందని మనసులో లెక్క వేసుకున్నాను. ఆ మాట చెల్లిన రోజుల్లో ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే 20 లక్షల ఎకరాల దాకా శెనక్కాయ ఉండేది. ఈడ ఎండితే దేశంలో నూనె మిల్లులన్నిటికీ తెలిసేది. ఇప్పుడు మనం తగ్గిపోయినాం. గుజరాత్‌లో దేశం శెనక్కాయలో సగం దరిదాపు పండుతాది. సౌరాష్ట్రలో వాన పడితే అనంతపురంలో ధర పడిపోతాది. మన చేను ఎండిందా పండిందా అని అడిగేవాడు లేడు.

లెక్క చెప్తా చూడండి. ఏడు క్వింటాళ్లు 5,300 చొప్పున 37,100 రూపాయలు. మద్దతు ధరకు అమ్మి ఉంటే 47,481. తేడా పదివేల పైన. నాలుగెకరాలకు నేను పెట్టింది విత్తనం, ఎరువు, సేద్యం, కూలీలు అన్నీ కలిపి డెబ్బైవేలు దాటింది. అంటే మద్దతు ధర వచ్చినా నష్టమే. కాబట్టి ధర వల్లనే మునిగినానని నేను అనను. మునిగింది వాన వల్ల. కానీ మునిగినోడికి ఆ పదివేలు మోకాటి లోతు నేల దొరికినట్టు. పిల్లోని హాస్టల్ ఫీజు అది.

మద్దతు ధరకు కొనే కేంద్రం ఎక్కడుందో కనుక్కొని పోవచ్చు కదా అని అడుగుతారు. ఏడు క్వింటాళ్లు ఆటోకెత్తి, తేమ చూసి, తాలు చూసి వెనక్కి పంపితే మళ్లీ బాడుగ ఎవరిస్తారు? గుజరాత్‌లో ఆ ఏడాది నాఫెడ్ ద్వారా పెద్ద ఎత్తున కొన్నారు. ఎక్కువ పండినచోట ఎక్కువ కొంటారు, అది సహజమే. తక్కువ పండినోడి దగ్గర కొనడానికి ఏముంటాది.

కాటా పెట్టమన్నాను.

ఆ రోజు రాత్రి మా ఊరి రచ్చకట్ట కాడ ఒకటే చర్చ. "ఆ లెక్కలన్నీ దొంగ లెక్కలప్పా. కావాలనే ఎక్కువ చూపిస్తారు, ధర పడగొట్టడానికి." నేనూ గట్టిగానే అన్నాను. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ లెక్క ఎట్ల తయారవుతుందో నేను కళ్లారా చూసినాను. ఒకసారి మా చేనిలోనే తయారైంది.

మీలో కొందరికి తెలిసే ఉంటాది, తెలీనోళ్ల కోసం చెప్తాను. ఊర్లో ఏ సర్వే నంబరులో పంట కోత ప్రయోగం చేయాలో లాటరీ మాదిరి నంబర్లు తీసి ముందే ఖాయం చేస్తారు. ఎవరి చేను కావాలంటే వాళ్ల చేను కాదు. చేనికి పోయినాక నైరుతి మూల నిలబడి, కాగితంలో ఇచ్చిన నంబరు ప్రకారం పొడుగుకు ఇన్ని అడుగులు, అడ్డానికి ఇన్ని అడుగులు నడుస్తారు. ఆగిన చోట మేకు కొట్టి, 5 మీటర్లు పొడుగు 5 మీటర్లు వెడల్పు తాడు కడతారు. ఆ చదరంలో ఉన్న చెట్లన్నీ పీకి, కాయ కోసి తూకం వేస్తారు. మళ్లీ ఎండినాక తూకం. అంతే.

కొన్నేళ్ల కింద ఆ తాడు మా చేనిలో పడింది. పైన మూడు వంతుల చేను మాడిపోయి ఉంటే, తాడు పోయి పోయి కింద గనిమ దగ్గర పడింది. వానకు పైనుంచి కొట్టుకొచ్చిన వండ్రు అంతా ఆడ చేరతాది. తేమ నిలుస్తాది. ఎప్పుడూ ఆ మూలే పచ్చగా ఉంటాది. ఇద్దరు ఆడకూలీలు కూర్చొని కాయ కోసినారు. పచ్చిది మూడు కిలోలు తూగింది. ఎండితే కిలో తొమ్మిదివందల గ్రాములు.

నేను వచ్చిన పిల్లోడిని బతిమాలినాను. "నాయనా, తాడు ఇంకొంచెం పైకి కట్టు. ఈడ కట్టి చేనంతా ఇట్లే ఉందని రాస్తే మా కొంప మునుగుతాది." ఆ పిల్లోడు పాపం మంచోడు. "అన్నా, నువ్వు చెప్పినచోట కడితే రేపు ఇంకొకాయన ఇంకోచోట కట్టమంటాడు. నంబరు ఏది వస్తే అదే" అన్నాడు. కోపం వచ్చింది గానీ ఆయన చెప్పింది తప్పు కాదు.

ఇప్పుడు గుణకారం చూడండి. ఆ చదరం 25 చదరపు మీటర్లు. హెక్టారుకు 400 చదరాలు, ఎకరాకు 162 దరిదాపు. కిలో తొమ్మిదివందలను 162తో గుణిస్తే ఎకరాకు మూడు క్వింటాళ్ల పైన. ఆ ఏడాది నాకు నిజంగా వచ్చింది ఎకరాకు ఒకటిన్నర. ఆ చదరంలో ఒక కిలో తేడా వస్తే హెక్టారుకు నాలుగు క్వింటాళ్ల తేడా. తాడు పది అడుగులు ఇటు పడితే కరువు, అటు పడితే పంట.

దీని మీద నేను చాలా రోజులు ఆలోచించినాను. నా చేనిలో తాడు పచ్చమూలలో పడితే, ఇంకో ఊర్లో ఇంకొకరి చేనిలో ఎండిన మూలలో పడి ఉంటాది. దేశమంతా అట్ల లక్షల తాళ్లు కడితే, ఎక్కువలూ తక్కువలూ ఒకదానికొకటి కొట్టుకుపోయి, మొత్తం లెక్క నిజానికి దగ్గరగానే వస్తాది. మా పిల్లోడు డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినాడు, వాడూ అదే చెప్పినాడు. కానీ ఒక ఊర్లో నాలుగే తాళ్లు కడితే అవి కొట్టుకుపోవు. నాలుగూ పచ్చమూలల్లో పడొచ్చు. అందుకని దేశానికి సరిపోయిన లెక్క మన ఊరికి సరిపోకపోవచ్చు. ధరేమో దేశం లెక్క మీద నడుస్తాది, అప్పేమో మన చేని లెక్క మీద నడుస్తాది. పాతకాలంలో కరణాలు చేను చూసి ఇది ఆరణాల పంట, ఇది పన్నెండణాల పంట అని కంటిచూపుతో రాసేవాళ్లు. పదహారణాల పంట అనే మాట అక్కడిదే. దానికంటే తాడే నయం. కంటిచూపుకు మొహమాటం ఉంటాది, తాడుకు ఉండదు.

ఇంక అసలు మాటకొస్తాను. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు తన్నుకున్నాను.

మొత్తం ఉత్పత్తి అంటే రెండు లెక్కల గుణకారం. ఎకరాకు ఎంత పండింది అనేది తాడు చెప్తాది. ఎన్ని ఎకరాలు వేసినారు అనేది ఎవరు చెప్తారు? మనం చెప్తాం.

ఫోటోలు, జీపీఎస్ ఏవీ లేని రోజుల మాట. అడంగల్‌లో రాసుకొనే కాలం. ఒక ఏడాది పదును చాలక నేను మూడెకరాలే విత్తినాను, రెండెకరాలు బీడు పడింది. అడిగినప్పుడు ఐదెకరాలూ శెనక్కాయ అని చెప్పినాను. ఎందుకు చెప్పినానో మీకు తెలుసు. బ్యాంకులో పంట రుణం శెనక్కాయ మీదే తీసుకున్నాను. పెట్టుబడి రాయితీ వస్తే శెనక్కాయకే వస్తాది. బీడు అని రాయిస్తే ఏమొస్తాది? నేనొక్కణ్నే కాదు. మా ఊర్లో అట్ల చెప్పనోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎవరికి వాళ్లం మన రెండెకరాలతో ఏమవుతుందిలే అనుకున్నాం.

నా లేని రెండెకరాల శెనక్కాయ కూడా మండలానికి పోయింది, జిల్లాకు పోయింది, ఢిల్లీకి పోయింది. తాడు చెప్పిన దిగుబడితో దాన్ని గుణించినారు. విత్తని చేనిలో నేను నాలుగైదు క్వింటాళ్లు పండించినాను. మా ఊరోళ్లు తలా కొంచెం పండించినారు. ఆ కాయ ఏ కల్లానికీ రాలేదు, ఏ మిల్లుకూ పోలేదు. లెక్కలో మాత్రం ఉంది. వ్యాపారి ఫోన్‌లో ఉంది.

రచ్చకట్ట కాడ దొంగ లెక్కలు అని అరిచి వచ్చినోడికి నిద్ర పట్టకపోవడానికి కారణం ఇది.

ఇప్పుడు కొంచెం మారింది. మన రాష్ట్రంలో ఈ-క్రాప్ వచ్చింది, చేనిలో నిలబెట్టి ఫోటో తీస్తాండారు. నవంబరు 2024 అంచనాలో మొట్టమొదటిసారి గుజరాత్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశాల్లో చేతిరాత లెక్క పక్కన పెట్టి, డిజిటల్ పంట సర్వేతో విస్తీర్ణం తీసుకున్నామని కేంద్రం చెప్పింది. అంటే ఆ 103.60 లక్షల టన్నుల్లో గుజరాత్ వంతు ఫోటోల మీద వచ్చిన లెక్క. పూర్తిగా దొంగది అనడానికి లేదు. ఆడ నిజంగానే పండింది.

అయినా నాకు మిగిలిన బాధ ఒకటుంది. అంచనా ఒకటే రాదు. మొదటిది నవంబరులో, తర్వాత సవరిస్తా సవరిస్తా పోయి, తుది లెక్క మరుసటి ఏడు సెప్టెంబరు ప్రాంతంలో వస్తాది. 2023-24 తుది లెక్క 2024 సెప్టెంబరు 25న ఇచ్చినారు. అప్పటికి ఆ కాయ అమ్ముకొని తిని, మళ్లీ విత్తనం కొని, మళ్లీ విత్తి, అది కూడా ఎండిపోయి ఉంటాది. వ్యాపారి మొదటి లెక్కతో కొంటాడు, ప్రభుత్వం తుది లెక్కతో దిద్దుకుంటాది, మనకు దిద్దుకోవడానికి ఏముంటాది, కాయ ఇంట్లో ఉంటే కదా. గోడౌన్ ఉన్నోడికి నాలుగు అంచనాలు. అప్పు ఉన్నోడికి ఒకటే అంచనా.

నూనె సంగతి కూడా ఒక ముక్క. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకం సున్నా నుంచి 20 శాతం చేసినారు. అబ్బ, ఇంక మన కాయకు ధర అనుకున్నాం. అంగట్లో పామాయిల్ ప్యాకెట్ మాత్రం ఎక్కింది. 2025 మే చివర్లో మళ్లీ 10 శాతానికి దించినారు. కంది కూడా అంతే. శెనక్కాయ మీద విసుగుపుట్టి మన పక్క చాలామంది కందికి మారినారు కదా, 2021లో కంది దిగుమతికి పరిమితులు ఎత్తేసినారు, దాన్ని 2026 మార్చి దాకా పొడిగించినారు. లెక్క తక్కువ వస్తే బయటి నుంచి తెప్పిస్తారు, ఎక్కువ వస్తే వ్యాపారి తగ్గిస్తాడు. కొర్రకైతే ఈ బాధే లేదు, వానాకాలంలో కేంద్రం మద్దతు ధర చెప్పే 14 పంటల్లో కొర్ర లేనే లేదు!

2025-26లో శెనక్కాయ మద్దతు ధర 7,263. నేను రెండెకరాలకు తగ్గించినాను, కంది పెంచినాను. ఐదు క్వింటాళ్లు కాయ అయింది. పోయిన వారం 110.93 లెక్క వచ్చిన మరుసటి రోజే వ్యాపారి ఫోన్ చేసినాడు, కాటా ఎప్పుడు పెడదామని. ఇప్పుడే వద్దులే అన్నాను. కాయ నడవలో మూటలు కట్టి పెట్టినాను. మా ఇంటామె "ఎలకలకు పెట్టి మేపుతాండావు" అంటాది. ఫిబ్రవరి దాకా చూస్తాను. పెరుగుతుందన్న నమ్మకం నాకూ లేదు. ఒక్కసారన్నా మొదటి లెక్క చూసి భయపడకుండా అమ్మాలని పంతం, అంతే.

నిన్న సాయంత్రం మా ఊరి వ్యవసాయ సహాయకురాలు ఫోన్ చేసింది. చిన్నపిల్ల, మా కోడలి వయసు. "అన్నా, కంది కోత ప్రయోగం మీ సర్వే నంబరులో పడింది. కోతకు వచ్చినప్పుడు చెప్పండి, కోసేయొద్దు" అంది.

సరేనమ్మా అని, మా పుస్తకంలో కంది ఎంత రాసుందో చూడమన్నాను. మూడెకరాలు అంది. మూడెకరాలు వేసిన మాట నిజమే, ఫోటో కూడా అప్పుడే తీసింది. తర్వాత ముక్కాలు ఎకరా నీళ్లు నిలిచి చచ్చిపోతే దున్నేసి ఉలవ చల్లినాను. "రెండుంపావు అని దిద్దు తల్లీ" అన్నాను.

ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడు దిద్దడానికి గడువు అయిపోయిందన్నా" అంది. మళ్లీ తనే, "అయినా దిద్దితే మీకే నష్టం కదా, రేపు పరిహారం ఏమన్నా వస్తే" అంది.

పక్కన మా ఇంటామె చాట పక్కన పెట్టి నా మొహమే చూస్తా ఉంది. ఫోన్ పెట్టినాక, "ముక్కాలు ఎకరాకు ఎంతొస్తాది?" అని అడిగింది. వస్తే ఇంత రావచ్చని చెప్పినాను. ఆమె ఏమీ అనలేదు. నడవలోకి పోయి ఎలకల బోను సర్ది వచ్చింది.

పై వారం తాలూకాకు పోయే పనుంది. గడువు దాటినాక దిద్దే దారి ఏమన్నా ఉందేమో అడిగి వస్తాను. మీలో ఎవరన్నా అట్ల దిద్దించినోళ్లు ఉంటే ఏ కాగితాలు అడిగినారో నాకు చెప్పండి.